కొలత తెలిసినవాడు

మళ్ళీ మొదలెట్టారు.
వంటింటి బల్ల మీద క్లుస్కి ఉండలు చల్లారిపోతున్నాయి,
కిటికీ బయట గ్లివిత్సె ఊరంతా బొగ్గు పొగ, తడి మంచు.
తెర మీద ట్యాంకు
గానుగెద్దులా నిదానంగా తిరుగుతోంది.

బాణం గుర్తు ఎక్కడ ఆనితే అక్కడ రంగు:
ఆకుపచ్చ, గుండు దూరుతుంది.
పసుపు, నీ అదృష్టం.
ఎరుపు, ఢంగుమని తుళ్ళిపోతుంది.

"టరెట్ బుగ్గ తప్పు," అంటాడు మా బావమరిది క్లెమెన్స్.
"ఆరువందల ముప్పై అట! ఎవడు కొలిచాడు?"
"వాలు లెక్కెయ్యి మామా,
అరవై ఎనిమిది డిగ్రీలు వంచితే పలక రెండున్నర రెట్లు."
"వాలు సరేరా బ్వాజెయ్. లోపలి పొరలో?
రబ్బరా? పింగాణీయా? గాలా?"
"ఎవరికీ తెలీదు. అందుకే అంచనా."
"అంచనా అనే అను.
కాకిలెక్కలు వేసి, అచ్చం నిజం అని అట్ట మీద అచ్చెయ్యకు."

నేను పొయ్యి దగ్గర ఉల్లిపాయ తరుగుతున్నాను.

నాకు తెలుసు.

కాలువ అవతలి షెడ్డులో
ఆ బుగ్గ కింద ముక్కాలిపీట వేసుకుని
పదకొండేళ్ళుగా పగలు గడుపుతున్నవాణ్ణి.
మంటతో దాని తోలు ఒలిచి
పొరలు వేలితో ఎంచి
వేలు కడుక్కుని
రెండు పేజీల కాగితం మీద సంతకం పెట్టి
బస్సెక్కి ఇంటికొచ్చినవాణ్ణి.

"నువ్వు చెప్పు నాన్నా, ఆ బుగ్గ ఎరుపేనా?"
"ఉప్పు తక్కువైంది," అన్నాను.
క్లెమెన్స్ నవ్వాడు. "వెల్డర్లకి ఆటలేం తెలుస్తాయిరా!"

పోయిన నెల తూర్పు నుంచి రైలు బండి మీద ఒకటొచ్చింది.
పంతొమ్మిది టన్నులెత్తే క్రేనుతో టరెట్ లేపాం.
కన్నం చూసి ముందు నమ్మలేదు,
బఠాణీ గింజంత.
చుట్టూ ఉక్కు మైనంలా పెదవులు విరుచుకుని ఉంది.
ఆటలో అక్కడ ఎరుపు, నిండు ఎరుపు.

లోపల నేల పగుళ్ళ నిండా
పొద్దుతిరుగుడు గింజల పొట్టు.
ఎవరో కూర్చుని నములుతూ ఉన్నారు, చాలాసేపు,
గంటలు గంటలు వేచి చూశారు కాబోలు.
వాక్యూమ్ గొట్టం పెట్టి లాగేశాం.
ఫోర్‌మన్ ఫారంలో రాశాడు: లోపలి భాగం, శుభ్రం.

పై మూత తెరిచే ఉంది.
లోపలివాళ్ళు తెరుచుకున్నదో
బయటివాళ్ళు తెరిచిందో
కీలు పట్టుకుని ఎంతసేపు చూసినా
చెప్పదు.
ఆ ఒక్క కొలత నాకూ తెలీదు.

ఆటలో గన్నర్ పోతే
పక్కవాడు అతని సీట్లోకి జరుగుతాడు.
మూలన చిన్న గడియారం, ఇరవై సెకన్లు.
దాని గురించి వీళ్ళు ఎన్నడూ వాదించుకోలేదు.
ఇరవై ఎక్కువా, తక్కువా అని.

"పోనీ లేరా, రబ్బరనుకుందాం," అంటున్నాడు క్లెమెన్స్,
"రబ్బరైతే చలికాలం గట్టిపడదూ?
మరి మంచు మ్యాపులో వేరే అంకె ఉండాలి కదా!"
ఆ మాటకి బ్వాజెయ్ దగ్గర జవాబు లేదు.
నిజానికి మంచి ప్రశ్నే.

గిన్నె అందించడానికి వంగాను.
పుట్టగొడుగుల పులుసు తొణికింది,
ఒక చేత్తో పట్టుకున్నాను,
రెండో చెయ్యి ఎక్కడ ఆన్చానో చూసుకోలేదు.

తెర మీద ఉల్లి జిడ్డు, ఒక వేలి ముద్ర.
బుగ్గ మీద కాదు.
ఇంకా కిందికి, మెడ మొదట్లో.

బ్వాజెయ్ ముద్ర వైపు చూశాడు.
నా వేలి వైపు చూశాడు.
ఆటలో వాడి పేరు పిలుస్తున్నారు, మ్యాచ్ మొదలైపోతోంది,
వాడు కదల్లేదు.

తర్వాత చొక్కా చేతిని మణికట్టు దాకా లాక్కుని
వాడే తుడిచేశాడు,
మెల్లగా, రెండుసార్లు.

"ఏమంటావురా?" అంటున్నాడు క్లెమెన్స్ ఇంకా, "రబ్బరేనా?"
"రబ్బరే మామా," అన్నాడు వాడు. "నువ్వే గెలిచావు. తిను."